నీళ్లు అందడం లేదన్న డిష్‌వాషర్, నేలమీద పరిచిన డ్రైన్ పైపు

మెషీన్ 60 సెంటీమీటర్ల వెడల్పుది, విడిగా నిలబెట్టే రకం, బిగించి నాలుగు నెలలైంది. సింకు కప్‌బోర్డుకూ దానికీ మధ్య 45 సెంటీమీటర్ల డ్రాయర్ల అర ఉంది. ఇంటికి నీళ్లు పైకప్పు మీది ట్యాంకు నుంచి దిగుతాయి. మధ్యలో ప్రెషర్ పంపు లేదు. ఫిర్యాదు ఏమిటంటే, గిన్నెలమీద జిడ్డు పొర మిగిలిపోతోంది. పెద్ద ప్రోగ్రాం పెడితే సగంలో ‘నీళ్లు అందడం లేదు’ అనే ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. చిన్న ప్రోగ్రాం మాత్రం చాలాసార్లు పూర్తవుతోంది.

అప్పటికే రెండు రిపేర్లు జరిగాయి. మొదటిసారి ఇన్‌లెట్ పైపు మూతిలోని జాలీ తీసి కడిగారు. రెండోసారి మెషీన్ లోపలి ఇన్‌లెట్ వాల్వునే మార్చారు. రెండుసార్లూ నాలుగైదు రోజులు బాగా నడిచింది, తర్వాత మళ్లీ అదే వరస.

ఎర్రర్ నీళ్ల గురించి వచ్చింది కాబట్టి రిపేరుకు వచ్చిన ఇద్దరూ నీళ్లు వచ్చే వైపే చూశారు. అసలు తప్పు నీళ్లు పోయే వైపు ఉంది. డిష్‌వాషర్ల బిగింపులో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది, చాలామందికి తట్టదు. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాం.

ముందు వచ్చే నీళ్ల లెక్క

డ్రైన్ మీద అనుమానం ఎంత గట్టిగా ఉన్నా, ఇన్‌లెట్ కొలవకుండా ముందుకు వెళ్లకూడదు. ఎర్రర్ నిజంగానే అక్కడిదైతే మిగతా పనంతా దండగ.

చాలా కంపెనీల పుస్తకాల్లో డిష్‌వాషర్‌కు కావలసిన కనీస ప్రెషర్ 0.5 బార్, గరిష్ఠం 10 బార్ అని ఉంటుంది. కొన్ని మోడళ్లు 0.3 బార్‌తోనూ పనిచేస్తాయి. ట్యాంకు నీళ్లయితే గేజి లేకపోయినా లెక్క కట్టవచ్చు. ట్యాంకులో నీటిమట్టానికీ మెషీన్ వాల్వుకూ మధ్య ఎంత ఎత్తుందో మీటర్లలో కొలిచి పదితో భాగిస్తే దాదాపుగా బార్లు వస్తాయి. ఇక్కడ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎత్తు 6.2 మీటర్లు, అంటే 0.6 బార్. ట్యాంకు అడుగంటే వేళకు మరో మీటరు తగ్గి 0.5 దగ్గరికి వస్తుంది. అంచుమీద ఉంది, కానీ చాలదని చెప్పలేం.

ప్రెషర్ ఎత్తుమీద ఆధారపడుతుంది. నీళ్లు ఎంత పారతాయన్నది దారి వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే పొరపడతాం. అందుకే బకెట్ పరీక్ష చేయాలి. మెషీన్ పైపు విప్పి, వాల్వు పూర్తిగా తెరిచి, 10 లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. నిమిషంలో నిండితే నిశ్చింత. ఇక్కడ 84 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 7 లీటర్లు.

ఇది మంచి అంకె కాదు. అలాగని మెషీన్ ఆగిపోవాల్సినంత తక్కువా కాదు. డిష్‌వాషర్ ఒక విడతకు తీసుకునేది 3, 4 లీటర్లే. బట్టలు ఉతికే మెషీన్‌లా డ్రమ్ము నింపుకోదు. అడుగున కొన్ని నీళ్లు పట్టి, వాటినే తిప్పి తిప్పి చిమ్ముతుంది. నిమిషానికి 7 లీటర్లు ఇచ్చే వాల్వు ఉండగా 4 లీటర్లు దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు. జిడ్డు మిగలడం సంగతి కూడా దీనితో తేలదు. నీళ్లు నెమ్మదిగా వస్తే ప్రోగ్రాం సాగుతుందే తప్ప, సబ్బు పనిచేయకుండా పోదు.

డ్రైన్ పైపు కొస దగ్గర

మెషీన్ వెనక నుంచి డ్రైన్ పైపు నేలమీదే పాకుతూ వెళ్లి, గోడకు అడుగున ఉన్న కన్నంలోంచి అవతలి గదిలోని నేల ట్రాప్‌లో (మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపులో) దిగింది. ఎక్కడా పైకి లేవలేదు. మెషీన్ వీపుకు పైపును ఎత్తి పట్టే ప్లాస్టిక్ కొక్కెం ఖాళీగా ఉంది. పైపు పొడవు చాలక దాన్ని కొక్కెంలోంచి తప్పించి నేలమీద పరిచారన్నది చూడగానే తెలుస్తుంది.

ట్రాప్ మీది జల్లెడ తీసి, పైపు కొసను అంచు తక్కువగా ఉన్న బేసిన్‌లో పెట్టి, ప్రోగ్రాం మొదలుపెట్టాం. మొదటి నిమిషం పాత నీళ్లు తోడే పంపు గుర్రుమంటుంది, అది మామూలే. పంపు ఆగింది. ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని లోపలికి నీళ్లు దిగుతున్న సన్నని చప్పుడు మొదలైంది. అర నిమిషం గడిచాక, పంపు ఏమాత్రం కదలకుండానే, పైపు కొసన నీళ్లు కనబడ్డాయి. ముందు బొట్టు బొట్టుగా, తర్వాత పెన్సిల్ మందాన ధారగా. తెల్లగా, కొంచెం జిగటగా, వేళ్లకు సబ్బు జారుడు తగులుతూ ఉన్నాయి. ఐదు నిమిషాల్లో బేసిన్‌లో 900 మిల్లీలీటర్లు చేరాయి.

డ్రైన్ పంపు నడవని సమయంలో డ్రైన్ పైపు కొసన ఒక్క చుక్క కూడా రాకూడదు. వస్తే మిగతా అనుమానాలన్నీ పక్కన పెట్టవచ్చు.

కొస అందని చోట ఉంటే ఇంకో దారి ఉంది. ప్రోగ్రాం మొదలయ్యాక నీళ్లు పట్టడం పూర్తికాగానే తలుపు మెల్లగా తెరిచి, అడుగున ఫిల్టర్ దగ్గర నీటిమట్టం గుర్తు పెట్టుకోవాలి. కరెంటు ప్లగ్గు తీసేసి పావుగంట అలాగే వదలాలి. మట్టం దిగితే నీళ్లు డ్రైన్ దారిన జారుతున్నట్టే. ఒకవేళ మెషీన్ అడుగున కారుతుంటే నేలమీద తడి ఉండాలి కదా. ఇక్కడ నేల పొడిగా ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుంది

డ్రైన్ పైపులో ఒక రబ్బరు రెక్క ఉంటుంది, నాన్ రిటర్న్ వాల్వు అంటారు. అది ఉండగా నీళ్లు ఎలా కారతాయని చాలామంది అడుగుతారు. ఆ రెక్క బయటి మురికి నీరు మెషీన్‌లోకి రాకుండా ఆపడానికే ఉంది. లోపలి నీరు బయటికి పోవడాన్ని అది ఆపదు. ఆపితే పంపు కూడా తోడలేదు. ఇక పంపు రెక్కలు ఆగి ఉన్నా వాటి పక్కనుంచి నీళ్లు పారతాయి, అది మూతపడే తలుపు కాదు. కాబట్టి లోపలి నీళ్లను పట్టి ఉంచేది ఒక్కటే, డ్రైన్ పైపు ఎత్తు. లోపల నిలిచే నీటిమట్టం కంటే పైపు పైకి లేచి ఉంటే, పంపు నెట్టినప్పుడే నీళ్లు ఆ మెట్టు ఎక్కి దాటతాయి. నేలమీద పరిస్తే పంపుతో పని లేకుండా పల్లానికి పారిపోతాయి.

ఈ కేసులోది మామూలు పల్లం. దీనికి తోబుట్టువు సైఫన్. పైపును పైకి ఎత్తి, కొసను కిందికి చాలా లోతుగా దింపి, గొట్టంలో గాలి చొరకుండా టేపుతోనో సిలికాన్‌తోనో మూసేస్తే, పంపు ఆగినా పైపునిండా ఉన్న నీటి బరువే లోపలి నీటిని లాగుతూ ఉంటుంది. ఎత్తు సరిగ్గా ఉందని తృప్తిపడి ఈ మూసివేత దగ్గర దెబ్బతిన్న బిగింపులు ఎన్నో. నిలువు గొట్టంలో పైపు పెడితే చుట్టూ ఖాళీ ఉండి తీరాలి. వాసన వస్తుందని మూసేవాళ్లు గుర్తుంచుకోవలసింది, వాసనను ఆపాల్సింది గొట్టం మూతి కాదు, కింద ఉండే ట్రాప్‌లోని నీళ్లు.

ఇప్పుడు లక్షణాలన్నీ ఒకదానికొకటి అతుకుతాయి. ఐదు నిమిషాలకు 900 మిల్లీలీటర్లంటే నిమిషానికి 180. మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది కాబట్టి ఇదే వేగం చివరిదాకా ఉండదు. అయినా ముప్పై, నలభై నిమిషాలు సాగే ప్రధాన కడుగుడులో మొదట పట్టిన నీళ్లలో చాలా భాగం పోతుంది. మెషీన్‌లోని ప్రెషర్ స్విచ్ మట్టం పడిపోయిందని గమనించి మళ్లీ నీళ్లు పడుతుంది. అవీ పోతాయి. మళ్లీ పడుతుంది. నిర్ణీత సమయంలో మట్టం నిలవకపోయేసరికి, కుళాయి కట్టేసి ఉందేమో చూడమని ఎర్రర్ వేస్తుంది. మెషీన్‌కు తెలిసింది అంతే, మట్టం నిలవలేదు. నీళ్లు రాలేదా, వచ్చి పోయాయా అన్నది తేల్చే ఏర్పాటు దానిలో లేదు.

జిడ్డు సంగతీ ఇదే. మొదటి నీళ్లతో పాటు కరిగిన డిటర్జెంటు కూడా పోయింది. కొత్తగా పట్టినవి సబ్బు లేని చల్లని నీళ్లు. హీటరు ఆ వేడిని మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. పలచటి సబ్బుతో, చాలని వేడితో జిడ్డు కరగదు. చిన్న ప్రోగ్రాంలో కడుగుడు కొద్ది నిమిషాలే గనుక నీళ్లన్నీ పోయేలోగా పని ముగుస్తోంది.

జిడ్డు పొరనూ సున్నపు పొరనూ కలపకూడదు. గ్లాసు మీది మరకను వెనిగర్ తడిపిన బట్టతో తుడిస్తే, కరిగిపోయింది సున్నం. అప్పుడు మెషీన్ ఉప్పు అరలో ఉప్పు, నీటి కాఠిన్యం సెట్టింగు చూసుకోవాలి. అలాగే జారుతూ మిగిలింది జిడ్డు. ఇక్కడిది జిడ్డే.

రిపేర్ల తర్వాత నాలుగైదు రోజులు బాగా నడవడానికీ కారణం దొరికింది. మెషీన్‌ను లాగి, పని చేసి, మళ్లీ గోడకు నెట్టినప్పుడు నేలమీది పైపు వెనక నలిగి మడత పడింది. ఆ మడత సన్నని ధారను దాదాపు ఆపేసింది. పంపు మాత్రం బలంగా నెట్టి నీళ్లు తోడగలిగింది. వేడినీళ్లు రోజూ పారేసరికి పైపు మెత్తబడి మడత విచ్చుకుంది, కారడం మొదలైంది. మెషీన్ లాగి చూసినప్పుడు పైపు మీద తెల్లగా గీతలా ఉన్న మడత గుర్తు దీన్నే చెప్పింది. కొత్త వాల్వు వేసినందుకు బాగుపడిందనుకోవడం సహజమే, కానీ ఆ వాల్వుకు ఏ దోషమూ లేదు.

కొత్త దారి ఎంచుకోవడం

డ్రైన్‌కు రెండు దారులున్నాయి. ఒకటి, నిలువు గొట్టం. లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మూతి నేల నుంచి 40 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, అడుగున నీళ్లు నిలిచే ట్రాప్ ఉండాలి, మెషీన్ పైపు అందులో 10, 15 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. చేయగలిగితే ఇదే మేలైన పద్ధతి. గాలి ఆడుతుంది, సైఫన్‌కు తావుండదు, సింకుతో సంబంధం ఉండదు. రెండోది, సింకు ట్రాప్‌కు పక్క మూతి ఉన్న రకం తెచ్చి, అందులో కలపడం.

ఇక్కడ నిలువు గొట్టానికి నేల ట్రాప్ ఉన్నది గోడ అవతల. గోడకు పైన కొత్త కన్నం వేసి, అవతల గొట్టం నిలబెట్టాలి. ఇంటివారు గోడ తొలవడానికి ఒప్పుకోలేదు. అందువల్ల సింకు దారే తీసుకున్నాం.

సింకు కింద ముడుచుకునే సాగే ప్లాస్టిక్ పైపు ఉంది, దాన్నే వంచి ట్రాప్‌లా కట్టారు. దీనికి డిష్‌వాషర్ కలపడం మంచిది కాదు. కడుగుడు నీళ్లు 60, 70 డిగ్రీల వేడితో వస్తాయి. పలచటి ఆ పైపు మెత్తబడి కిందికి వాలుతుంది, కట్టిన వంపు విప్పుకుంటుంది, ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది. దాన్ని తీసేసి, 40 మిల్లీమీటర్ల గట్టి పీ ట్రాప్, పక్క మూతి ఉన్న రకం వేశాం. బాటిల్ ట్రాప్ కూడా పనిచేస్తుంది, తక్కువ చోటు పడుతుంది. అయితే దాని అడుగు గిన్నెలో జిడ్డు త్వరగా చేరుతుంది, తరచు విప్పి కడగాలి.

పక్క మూతి ఎప్పుడూ ట్రాప్ నీళ్లకు పైన, అంటే సింకు వైపు ఉండాలి. ట్రాప్ దాటాక కలిపితే మురుగు వాసన నేరుగా డిష్‌వాషర్‌లోకి ఎక్కుతుంది.

తర్వాత ఎత్తు మెలిక. ఇక్కడ పక్క మూతి నేల నుంచి 42 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మెషీన్ నీటిమట్టానికి అది పైనే కాబట్టి కారడం ఆగుతుంది. కానీ సింకు నిండుగా ఉన్నప్పుడు ప్లగ్గు తీస్తే ఆ నీళ్లు వెనక్కి ఎగదన్నే అవకాశం ఉంది. అందుకని పైపును ముందు కౌంటర్ అడుగు అంచుదాకా, 78 సెంటీమీటర్లకు ఎత్తి, అక్కడ క్లాంపుతో బిగించి, తర్వాతే మూతి దగ్గరికి దించాం. వెనక్కి వచ్చే నీళ్లు ఆ ఎత్తు ఎక్కలేవు. కొన్ని ప్రాంతాల నిబంధనలు దీనితో తృప్తిపడక, కౌంటర్ పైన ఎయిర్ గ్యాప్ పరికరం (మురికి నీరు వెనక్కి రాకుండా మధ్యలో గాలి ఖాళీ ఉంచేది) తప్పనిసరి అంటాయి. అలాంటి చోట ఎత్తు మెలిక దానికి బదులు కాదు.

పొడవు లెక్క కట్టాకే కన్నాలు వేయాలి. మెషీన్ వీపు అడుగు నుంచి 78 సెంటీమీటర్లదాకా ఎక్కడం, డ్రాయర్ల అర వెనక 45 అడ్డంగా, సింకు కప్‌బోర్డులో మరో 35, తర్వాత 36 దిగడం. మెషీన్‌ను ముందుకు లాగడానికి 40 వదులు. మొత్తం దాదాపు 2.3 మీటర్లు. మెషీన్‌తో వచ్చిన పైపు 1.8 మీటర్లు. అందుకే మొదటిసారి బిగించినవారు దాన్ని నేలమీద పరిచారు. అతుకు వేయడం తప్పు కాదు, అతుకులో దారి సన్నబడటం తప్పు. లోపలి వ్యాసం అదే ఉన్న పైపు, అదే వ్యాసపు జాయింటు, రెండువైపులా స్టీలు క్లిప్పులు వాడాం. అతుకు సింకు కప్‌బోర్డులో కళ్లకు కనబడేచోట ఉంచాం, మెషీన్ వెనక కాదు. మొత్తం పొడవు 4 మీటర్లు, ఎత్తు ఒక మీటరు దాటకుండా ఉంటే చాలా మెషీన్ల పంపుకు ఇబ్బంది లేదు.

డ్రాయర్ల అర పలకలకు 60 మిల్లీమీటర్ల కన్నం వేసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, పొట్టి పీవీసీ గొట్టం ముక్క తొడిగాం. పంపు ఆడిన ప్రతిసారీ పైపు అదురుతుంది. గరుకు ప్లైవుడ్ అంచు ఏడాది రెండేళ్లలో దాన్ని కోసేస్తుంది.

ఇన్‌లెట్ వైపు చేసిన మార్పులు

తప్పు డ్రైన్‌దే అయినా, నిమిషానికి 7 లీటర్ల దగ్గర వదిలేయడం సరికాదనిపించింది. ట్యాంకు అడుగంటిన రోజు అది ఇంకా పడిపోతుంది. పైగా సింకు కింద చిన్న తడి కూడా ఉంది.

అర అంగుళం యాంగిల్ వాల్వుకు రెండు మూతుల డైవర్టర్ తగిలించి, ఒకవైపు వాటర్ ప్యూరిఫయర్‌కూ, ఇంకోవైపు డిష్‌వాషర్‌కూ ఇచ్చారు. డైవర్టర్ విప్పి చూస్తే లోపలి దారి చిటికెన వేలు కూడా దూరనంత సన్నం. దాన్ని తీసేసి, గోడ మూతికి ఇత్తడి టీ (మూడు మూతుల జాయింటు) వేసి, ఒక కాలికి పాత యాంగిల్ వాల్వును ప్యూరిఫయర్ కోసం పెట్టాం. రెండో కాలికి అర అంగుళం ఫుల్ బోర్ (లోపలి దారి సన్నబడని) బాల్ వాల్వు, దాని మీద అర అంగుళం నుంచి ముప్పావు అంగుళానికి మారే ఇత్తడి నిపుల్ బిగించాం. మళ్లీ బకెట్ పెడితే 10 లీటర్లు 47 సెకన్లకు నిండాయి. ఎత్తు మారలేదు, ప్రెషర్ మారలేదు, దారి వెడల్పయింది.

ప్యూరిఫయర్ నుంచి వచ్చే శుద్ధి నీళ్లనే డిష్‌వాషర్‌కు ఇవ్వవచ్చా అని తరచు అడుగుతారు. వద్దు. దాని ధార మెషీన్‌కు ఏ మూలకూ చాలదు, నిజంగానే నీళ్లు అందని ఎర్రర్ వస్తుంది. నీటి కాఠిన్యాన్ని తగ్గించే పని మెషీన్ లోపలి సాఫ్ట్‌నర్‌ది, ఉప్పు పోసేది అందుకే.

తడికి కారణం డిష్‌వాషర్ పైపు ముప్పావు అంగుళం ప్లాస్టిక్ నట్టు. దాని మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి, లోపల ఒకదానిమీద ఒకటి రెండు వాషర్లు పెట్టి, రెంచీతో బలంకొద్దీ బిగించారు. నట్టు పక్కన వెంట్రుకంత పగులు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పనిమంతులూ చేసే పొరపాటు.

లోహపు మరకు లోహపు మర బిగిసే చోట, అంటే గోడ మూతి, టీ, నిపుల్ దగ్గర, నీళ్లను ఆపేది మరల మధ్య నిండే టేపు. మర కొస మనవైపు చూస్తుండగా గడియారం ముల్లు తిరిగే దిక్కున పది చుట్లు వేస్తే, బిగించేటప్పుడు టేపు విప్పుకోదు. మెషీన్ పైపు నట్టు దగ్గర సంగతి వేరు. అక్కడ నీళ్లను ఆపేది నట్టులోపలి రబ్బరు వాషర్, నిపుల్ చదునైన మూతికి అదిమి. మరలు పట్టి ఉంచడానికే. టేపు చుడితే నట్టు లోపలిదాకా రాకుండానే బిగిసినట్టు అనిపిస్తుంది, వాషర్ సరిగా అదమదు, కారుతుంది. కారుతోందని మరింత బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. టేపు లేకుండా, ఒకే వాషర్‌తో, చేత్తో పట్టినంత బిగించి, తర్వాత పావు చుట్టు. చాలు. నట్టు పగిలింది కాబట్టి పాత ఇన్‌లెట్ పైపు పక్కనపెట్టి కొత్తది వేశాం.

ఈ మెషీన్‌ది మామూలు పైపు. కొన్నింటికి కుళాయి చివర డబ్బాలాంటి ఆక్వాస్టాప్ వాల్వు (నీళ్లు కారితే దానంతటదే మూసుకునేది) ఉంటుంది. దాని లోపల కరెంటు తీగలు పోతాయి. అలాంటి పైపును కోయకూడదు, పొడవు చాలకపోతే కంపెనీ ఇచ్చే అదనపు పైపే వాడాలి, డబ్బాను నీళ్లలో ముంచకూడదు. పలక కన్నం కూడా డబ్బా పట్టేంత పెద్దది కావాలి.

పైపు తగిలించే ముందు వాల్వు తెరిచి ఒక బకెట్ నీళ్లు వదిలేయాలి. విప్పి బిగించిన గొట్టాల్లో టేపు పోగులు, తుప్పు రేణువులు ఉంటాయి. వదలకపోతే అవన్నీ మొదటి రోజే ఇన్‌లెట్ జాలీలో కూర్చుంటాయి.

మొదటి పరీక్షలో పడ్డ ఆటంకం

అన్నీ బిగించి ప్రోగ్రాం పెడితే, నీళ్లు పట్టడం చక్కగా ఉంది, తోడడం దగ్గర పంపు మూలిగింది. రెండు నిమిషాలు దాటినా నీళ్లు తగ్గలేదు, డ్రైన్ ఎర్రర్ వచ్చింది.

కొత్త ట్రాప్ పక్క మూతిలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. డిష్‌వాషర్ లేని ఇళ్లలో కారకుండా తయారీలోనే మూసి ఇస్తారు. బిగించే ముందు దాన్ని పూర్తిగా తీసేయాలి. ఇక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి వదిలేశాం, మధ్యలో పెన్సిల్ పట్టే కన్నం పడింది, మిగతా పొర అలాగే ఉంది. పొడిచిన చప్పుడు, చేతికి తగిలిన సందు వల్ల తెరుచుకుందని అనుకోవడం తేలిక. ఈ మూతిలోంచి టార్చి వేసి అవతలి వెలుతురు గుండ్రంగా, అంచుదాకా కనబడితేనే తీసినట్టు. పైపు విప్పి, పదునైన చాకుతో పొరను చుట్టూ కోసి, ముక్కను బయటికి లాగి, అంచు పోగులు గీకేశాం. ముక్క లోపలే పడిపోతే ట్రాప్ విప్పి తీయాల్సిందే. వదిలేస్తే అది తర్వాత వంపులో అడ్డంపడుతుంది.

ఆ తర్వాత 4 లీటర్ల దాకా ఉన్న నీళ్లను పంపు అరనిమిషంలోపే తోడేసింది.

ఒప్పజెప్పే ముందు

మెషీన్‌ను లోపలికి నెట్టడం కూడా బిగింపులో భాగమే. వెనక ఒకరు టార్చి పట్టుకుని చూస్తుండగా, పక్క అర నుంచి పైపులను లాగుతూ నెమ్మదిగా నెట్టాలి. వెనక మడత పడితే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత తలుపు తెరిచి లోపలి అంచుమీద రసమట్టం పెట్టి, కాళ్లు తిప్పి అటూ ఇటూ సరిచేశాం. ఎడమ ముందు కాలు 6 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఒరిగిన మెషీన్‌లో నీళ్లు ఒకవైపు చేరి, తలుపు కింది మూలనుంచి కారవచ్చు.

కరెంటు వైపు మార్చాల్సిందేమీ రాలేదు. 16 ఆంపియర్ల సాకెట్, ఎర్త్ పరీక్షించాం, కౌంటర్ పైన చేతికి అందేచోట ఉంది. రెండు కిలోవాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట తలపెట్టకూడదు.

పరీక్షలు ఈ వరసలో చేశాం. ప్రతి జాయింటు కింద పొడి కాగితం పరిచి, వాల్వు తెరిచి గంట వదిలాం. ప్రోగ్రాం మధ్యలో నీళ్లు పట్టాక ఆపి, పావుగంట మట్టం చూశాం, కదల్లేదు. సింకు నిండా నీళ్లు పట్టి, డిష్‌వాషర్ తలుపు తెరిచి ఉంచి ప్లగ్గు లాగాం, లోపల ఫిల్టర్ దగ్గర ఒక్క చుక్క పెరగలేదు. చివరగా 65 డిగ్రీల పెద్ద ప్రోగ్రాం జిడ్డు గిన్నెలతో పూర్తిగా నడిపాం. వేడినీళ్లు పోయేటప్పుడు ట్రాప్ నట్లను చేత్తో తడిమి చూడాలి. చల్లని నీళ్లకు కారని జాయింటు వేడికి కారవచ్చు. ఇక్కడ డ్రైన్ అతుకు దగ్గర క్లిప్పు ఒకటి చెమర్చింది, అర చుట్టు బిగిస్తే ఆగింది.

ప్రోగ్రాం ఆగకుండా ముగిసింది. గిన్నెల మీద వేలు రాస్తే కిర్రుమంది.

ఇంటివారికి చెప్పినవి కొన్ని. వారం తర్వాత క్లిప్పులు ఒకసారి బిగించుకోవాలి, వేడికి ప్లాస్టిక్ సర్దుకుని వదులవుతుంది. ఊరెళ్లేటప్పుడు బాల్ వాల్వు కట్టేయాలి. ఇన్‌లెట్ జాలీ ఆర్నెల్లకోసారి, లోపలి ఫిల్టర్ వారానికోసారి కడగాలి. ఇకపై ఎవరైనా ఏ పనికైనా మెషీన్ లాగితే, తిరిగి నెట్టే ముందు డ్రైన్ పైపు కౌంటర్ కింది క్లాంపులోనే ఉందో లేదో చూడమనాలి.